మాల తీసిన మర్నాడు

అందరికీ నమస్కారమండి. కార్తీకం వచ్చింది, మన కోనసీమలో ఏ వీధి చూసినా నల్లబట్టలే. తాగుడు మాన్పించే డీఅడిక్షన్ వార్డులో కౌన్సెలర్‌గా పనిచేస్తున్న నాకు ఈ రోజుల్లో తరచూ వినబడే మాట ఒకటుంది. "చూశారా మేడమ్, మాల వేసుకుంటే 41 రోజులు చుక్క ముట్టడు. తలచుకుంటే మానగలడు, కావాలనే మానడు." భార్యలంటారు, తల్లులంటారు. వాళ్ల కోపం న్యాయమైనదే. కానీ ఆ 41 రోజులూ అతను ఎలా నెగ్గుకొచ్చాడో ఎవరూ ఆలోచించరు.

దీక్షలో ఉన్నవాడి చుట్టూ చూడండి. తెల్లారకముందే కాలవ రేవులో స్నానానికి పక్కన నలుగురుంటారు. సాయంత్రం, సరిగ్గా షాపు గుర్తొచ్చే వేళకి, పీఠం దగ్గర భజన ఉంటుంది. దారి తప్పితే అడగడానికి గురుస్వామి ఉంటాడు. నిన్నటిదాకా "ఒరేయ్" అన్నవాడు కూడా "స్వామీ" అంటాడు. మాల తీసిన రోజున ఇవన్నీ ఒక్కసారే పోతాయి. అదీ ఎప్పుడు? చాలామందికి సంక్రాంతి ముందో వెనకో. ఒకపక్క కోడిపందాల బరి, ఆ పక్కనే మందు, "ఇంక దీక్ష అయిపోయిందిగా" అని భుజం మీద చెయ్యి వేసే స్నేహితుడు. శ్రమకాలం 40 రోజులు మానేసి ఈస్టర్ తర్వాత మళ్లీ మొదలుపెట్టిన అన్నదమ్ములూ మా వార్డుకి వస్తారు. వాళ్లకి పట్టుదల లేక కాదండి, తోడు పోయింది.

ఏడాది పొడుగునా ఆ తోడు దొరికే చోటు ఒకటుంది, ఆల్కహాలిక్స్ అనానిమస్. అందరూ ఏఏ అంటారు. 1935లో అమెరికాలోని ఏక్రన్ ఊళ్లో మొదలైంది. వ్యాపారం పనిమీద ఆ ఊరు వచ్చిన బిల్ విల్సన్ అప్పటికి కొన్ని నెలలుగా తాగడం లేదు. పని చెడింది, హోటల్లో ఒక్కడే ఉన్నాడు, బార్ వైపు మనసు లాగింది. ఫోన్ దగ్గరికి వెళ్లి, మాట్లాడటానికి తనలాంటి తాగుబోతు ఎవరైనా ఉన్నారా అని చర్చిలకి ఫోన్లు చేశాడు. అలా దొరికినవాడు డాక్టర్ బాబ్ స్మిత్, సర్జన్. ఆ ఇద్దరితోనే ఏఏ మొదలైంది. మన దేశంలో 1957 నుంచి ఉంది. 2020లో, వైద్య పరిశోధనలను జల్లెడ పట్టి చూసే కాక్రేన్ అనే సంస్థ 27 అధ్యయనాలను కలిపి చూస్తే, ఏఏకి వెళ్లేలా చేయిపట్టి నడిపించే చికిత్స పొందినవాళ్లలో పూర్తిగా మానేసి ఉన్నవాళ్లు మిగతా చికిత్సల వాళ్లకంటే ఎక్కువని తేలింది.

మీటింగ్ అంటే పెద్ద హంగామా ఏమీ కాదు. బడిగదో చర్చి గదో, కొన్ని కుర్చీలు, టీ. ఫీజు లేదు, ఇంటిపేరు అడగరు. ఒకాయన లేచి పేరు చెప్పి, "నేను ఆల్కహాలిక్‌ని" అంటాడు. కూతురి స్కూలు ఫీజు డబ్బులు ఎలా తాగేశాడో చెబుతాడు. ఎవరూ మధ్యలో ఆపరు, సలహా ఇవ్వరు, ఛీ అనరు. తర్వాత ఇంకొకరు. కొత్తగా వచ్చినవాళ్లు ఊరికే కూర్చుని వినొచ్చు. చేరడానికి కావలసింది ఒక్కటే, మానాలన్న కోరిక. ముందు నుంచి ఉన్న సభ్యుడు ఒకరు స్పాన్సర్‌గా ఉంటారు. రాత్రి పదింటికి మనసు లాగితే ఆయనకి ఫోన్ చెయ్యొచ్చు. దేవుడి ప్రస్తావన వస్తుంది, కానీ ఏ మతమూ అడగరు. మొదటి మీటింగ్ నచ్చకపోతే ఇంకో గ్రూపుకి వెళ్లి చూడండి, గ్రూపుకీ గ్రూపుకీ తేడా ఉంటుంది.

ఇక్కడ ఒక జాగ్రత్త గట్టిగా చెప్పాలి. రోజూ బాగా తాగే మనిషి ఇంట్లో కూర్చుని ఒక్కసారిగా మానేయకూడదు. మొదటి రెండు రోజుల్లో ఫిట్స్ రావచ్చు. ఆ తర్వాత అయోమయం, లేనివి కనబడటం, ఒళ్లంతా వణుకు వస్తే ప్రాణం మీదికి వచ్చినట్టే. గాలి సోకిందని తాయెత్తు కట్టించకండి, వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి. అక్కడ వణుకు తగ్గించే మందులు, బి1 విటమిన్ ఇస్తారు. ముందు డాక్టరు, ఆ వెంటనే మీటింగ్.

అమ్మా, మీకో మాట. తాగుడు మాన్పిస్తుందని చెప్పే మందుబిళ్లలేవీ అతనికి తెలియకుండా కూరలో కలపకండి. అందులో డైసల్ఫిరామ్ అనే, సారాతో పడని మందు ఉంటే, ఆ సంగతి తెలియక అతను తాగితే బీపీ పడిపోయి చనిపోయే ప్రమాదం ఉంది. మీ దారి వేరే ఉంది. కుటుంబాల కోసం అల్-అనాన్ అని ఉంది, బిల్ భార్య లోయిస్ వాళ్లు 1951లో మొదలుపెట్టారు. అతను మీటింగ్‌కి రాకపోయినా మీరు దానికి వెళ్లొచ్చు.

ఎక్కడుందో ఎలా తెలుస్తుందంటే, మత్తు మానడానికి సాయం చేసే హెల్ప్‌లైన్ 14446కి ఫోన్ చేయండి, డబ్బులు పడవు. ఏఏ ఇండియా వెబ్‌సైట్‌లో చూడండి, పెద్దాసుపత్రి సైకియాట్రీ విభాగంలో అడగండి. మన వైపు పాలకొల్లు నుంచి అమలాపురం దాకా అందరూ చుట్టాలే, ఎవరైనా చూస్తారని జంకు సహజం. అయితే పక్క పట్టణంలో గ్రూపు ఉందేమో కనుక్కోండి, ఫోన్‌లో ఆన్‌లైన్ మీటింగులు కూడా ఉన్నాయి. దగ్గర్లో గ్రూపే లేదంటారా? మానాలనుకునే ఇద్దరు ముగ్గురు కలిసి కూర్చుంటే దాన్ని ఏఏ గ్రూపే అంటారు. దీక్షలో ఉన్న స్వాముల్లో అలాంటి ఇద్దరు ఈ ఊళ్లోనే ఉండి ఉంటారు. మాల తీసే ముందే ఒకరి నంబరు ఒకరు తీసుకోండి. సభ అయ్యాక నేను బడి వరండాలోనే ఉంటాను, విడిగా మాట్లాడాలనుకునేవాళ్లు రండి.