సీలు చిన్నదే, కూలి ఎందుకంత? పాత పికప్‌లో గేర్‌బాక్స్ దించే పని

[బండి కింద కెమెరా. ఇంజిన్, గేర్‌బాక్స్ కలిసే చోట నల్లటి తడి.]

ఇదిగో, ఈ తడి చూడండన్నా. క్రాంక్, అంటే ఇంజిన్‌లో తిరిగే ప్రధాన ఇరుసు, దాని వెనక ఆయిల్ కారకుండా ఆపే సీలు పోయినట్టుంది. సీలు ధర చెబితే సరే అంటారు. కూలి చెప్పగానే "వందల సామానుకు వేలల్లో కూలా? మోసం" అంటారు. ఈ మాట వినీ వినీ విసుగొచ్చింది.

కడప, అనంతపురంలో బోరు సంగతి నేను చెప్పక్కర్లేదు. అడుగున మోటారులో చిన్న బుష్ పోయినా పైపులన్నీ పైకి లాగాల్సిందే. అప్పుడు బుష్ ధర చూసి కూలి బేరమాడతామా? ఇదీ అంతే. సీలుకు అడ్డంగా ఫ్లైవీల్ అనే బరువైన చక్రం, ఆ తర్వాత క్లచ్, ఆ తర్వాత గేర్‌బాక్స్. బొలెరో పికప్ అయినా టాటా 207 అయినా వరుస ఇదే. గేర్‌బాక్స్ దించందే అక్కడికి వేలు కూడా పోదు.

అయితే బోరు నీళ్లు రాకపోతే ముందు చూసేది స్టార్టర్ డబ్బా, ఫ్యూజులు. పైపులు లాగేది ఆఖరున. బండి దగ్గరికొచ్చేసరికి ఈ తెలివి ఏమవుతుందో! ఇంజిన్ పైమూత, అదే టాపెట్ కవర్, దాని ప్యాకింగ్ పోయినా ఆయిల్ ఇంజిన్ వెనకగా జారి ఇక్కడికే చేరుతుంది. శుభ్రంగా కడిగి, ఆరాక కాసేపు బండి తిప్పి, టార్చితో పైనుంచి కిందికి చూడండి. వేలికి అంటించి వాసన కూడా చూడండి. గంధకంలా ఘాటుగా ఉంటే అది గేర్ ఆయిల్, లీకు గేర్‌బాక్స్ వైపుది. ఇంజిన్ లోపలి గాలి బయటికి పోయే బ్రీదర్ పైపు మూసుకుపోయినా లోపల ఒత్తిడి పెరిగి కొత్త సీలు నుంచి కూడా ఆయిల్ బయటికి తోస్తుంది. దీన్ని చాలామంది చూడనే చూడరు.

చుక్కలు పడుతుంటే లెవెల్ చూసుకుంటూ కొన్నాళ్లు నెట్టుకురావచ్చు. ఆయిల్ క్లచ్ ప్లేటుకు అంటిందా, చీనీకాయల లోడుతో కడప దగ్గరి గువ్వలచెరువు ఘాట్ ఎక్కేటప్పుడు ఇంజిన్ రొద పెరుగుతుంది, బండి మాత్రం ముందుకు పోదు. అక్కడ పాలకోవా కోసం ఎలాగూ ఆపుతారు కదా, అప్పుడు ఓసారి కిందికి వంగి చూడండి.

ఇక పని. బ్యాటరీ నెగటివ్ తీసేయండి. జాక్ ఒక్కదాన్నే నమ్మి కిందికి దూరొద్దు, స్టాండ్లు పెట్టండి. వెనక చక్రాలకు తిప్పుడు అందించే ప్రొపెల్లర్ షాఫ్ట్, గేర్ లివర్, స్టార్టర్, క్లచ్ కనెక్షన్ తీశాక బెల్ హౌసింగ్ బోల్టులు, అంటే గేర్‌బాక్స్‌ను ఇంజిన్‌కు పట్టి ఉంచేవి. పై బోల్టులు కంటికి కనబడవు, చేతికి అందవు. గేర్‌బాక్స్ కింద జాక్ పెట్టి, వెనక మౌంటింగ్ విప్పి కాస్త దించితే ఇంజిన్ కూడా వెనక్కి వాలి దారి దొరుకుతుంది. ఫ్యాన్, హోసులు తగలకుండా చూసుకోండి. పొడవాటి ఎక్స్‌టెన్షన్లు కలిపి, చివర యూనివర్సల్ జాయింట్, సాకెట్ తగిలించి వెనకనుంచి తిప్పాలి. నన్నడిగితే కూలిలో సగం ఈ పై బోల్టులకే.

పైపులు బయటికొచ్చాక కేబుల్ జాయింట్లు చూడకుండా మళ్లీ బోరులోకి దించుతామా? క్లచ్ ప్లేట్, రిలీజ్ బేరింగ్, పైలట్ బేరింగ్ అరిగి ఉంటే ఇప్పుడే మార్చేయండి.

టైం అయిపోతోంది, గబగబా చెప్పేస్తా. పాత సీలు తీసేటప్పుడు క్రాంక్ మీద గీత పడకూడదు. కొత్త రబ్బరు సీలు అంచుకు ఆయిల్ రాసి, స్ప్రింగ్ వైపు లోపలికి పెట్టి, చుట్టూ సమానంగా దించండి. ఫ్లైవీల్ బోల్టులను బిగువు కొలిచే టార్క్ రెంచ్‌తో, మాన్యువల్‌లో ఉన్న లెక్క ప్రకారం బిగించండి. క్లచ్ ప్లేటును విడిగా దొరికే పాత ఇన్‌పుట్ షాఫ్ట్ (గేర్‌బాక్స్ ముందు ఇరుసు) దూర్చి సెంటర్ చేయకపోతే గేర్‌బాక్స్ ఎక్కదు. ఎక్కలేదని బోల్టులు బిగించి లాగొద్దు, హౌసింగ్ చెవి పగులుతుంది. గేర్ ఆయిల్ దించి ఉంటే స్టార్ట్ చేసేముందే పోయండి.