చెమట కనిపించే తెర

శ్రోతలకు నమస్కారం. బ్రిటన్ టెలివిజన్ నుంచి పుట్టి దేశదేశాల ఇళ్లలోకి చేరిన రెండు కార్యక్రమాల గురించి ఈ పూట మాట్లాడదలచాను. ఒకటి 2010 సెప్టెంబరులో ఐటీవీలో మొదలై, ఆరు సిరీస్‌లుగా సాగి, 2015 క్రిస్మస్ రోజున ముగిసిన ‘డౌన్‌టన్ ఆబీ’. రెండోది 2004 నుంచి బీబీసీలో వస్తున్న ‘స్ట్రిక్ట్‌లీ కమ్ డాన్సింగ్’. శరదృతువులో శనివారం రాత్రి ప్రముఖుల నాట్యపోటీ, ఆదివారం రాత్రి ప్రభువుల ఇంటి కథ అన్నట్టుగా అక్కడి ప్రేక్షకులకు కొన్నేళ్లు గడిచాయి. మొదటిది గౌరవనీయమైన చరిత్ర, రెండోది వట్టి కాలక్షేపం అని అనుకోవడం పరిపాటి. నేను ఆ మాటతో ఏకీభవించను. మనిషి పడే శ్రమను చూపించడంలో ఆ కాలక్షేపమే ఎక్కువ నిజాయితీగా ఉందని, రెండింటినీ ఇష్టంగా చూసిన ప్రేక్షకుడిగా నా అభిప్రాయం.

‘డౌన్‌టన్ ఆబీ’ కథ 1912 ఏప్రిల్‌లో, టైటానిక్ మునిగిపోయిన వార్తతో మొదలవుతుంది. ఆస్తికి వారసులు కావలసినవారు ఆ ఓడలో పోవడంతో, మాంచెస్టర్‌లో వకీలుగా బతుకుతున్న ఒక దూరపు బంధువు హఠాత్తుగా వారసుడవుతాడు. ఆ తొలి భాగంలోనే ఇల్లు నిద్రలేచే ఘట్టం ఒకటుంది. ప్రభువు చేతికి అందేలోగా వార్తాపత్రికను ఇస్త్రీ చేస్తారు. ఎందుకని వంటింట్లో పనిచేసే డెయిజీ అడిగితే, సిరా ఆరడానికని జవాబు వస్తుంది. దొరగారి వేళ్లకు నల్లమరక అంటకుండా ఒక మనిషి పొద్దున్నే లేచి, పెట్టె వేడిచేసి, కాగితం మీద రుద్దాలన్నమాట. ఒక వ్యవస్థ మొత్తాన్ని ఇంత చిన్న పనిలో పట్టి చూపించిన రచన సామాన్యమైనది కాదు.

అయితే ఆ చూపు చివరిదాకా నిలవలేదన్నదే నా ఫిర్యాదు. కథ ముందుకు సాగేకొద్దీ పనివాళ్ల కష్టాలకు పరిష్కారం చాలాసార్లు యజమాని దయ రూపంలోనే దొరుకుతుంది. వంటమనిషి మిసెస్ పాట్‌మోర్‌కు చూపు మందగిస్తే, ఆమెను లండన్ పంపించి శస్త్రచికిత్స చేయించేది ప్రభువే. అలాంటి మంచి యజమానులు ఉండనే ఉండరని నేను అనను. కానీ ఆ కాలంలో ఇంగ్లండులో ఇళ్లలో పనిచేసిన ఆడవాళ్లు పదిలక్షలకు పైమాటే. వాళ్లలో ఎక్కువమంది కోటల్లో కాదు, మామూలు మధ్యతరగతి ఇళ్లలో, వంటా వార్పూ బొగ్గులు మోయడమూ అన్నీ ఒంటిచేత్తో చేసుకుంటూ బతికారు. ఆ ఒంటరి పనిమనిషికి కబుర్లు చెప్పుకోవడానికి వంటింట్లో పొడవాటి బల్ల లేదు, పెద్దరికంగా మందలించడానికి డౌన్‌టన్‌లోని కార్సన్ లాంటి బట్లరూ లేడు.

చిత్రీకరణలోని ఒక విశేషం నాకు ఎప్పుడూ గుర్తుకొస్తుంది. పై అంతస్తు వైభవంలో ఎక్కువ భాగం హాంప్‌షైర్‌లోని హైక్లియర్ కోటలో తీశారు. వంటిల్లు, పనివాళ్ల గదులు మాత్రం లండన్‌లోని ఈలింగ్ స్టూడియోలో వేసిన సెట్లు. పళ్లెం పట్టుకుని ఈలింగ్‌లో మెట్లెక్కిన సేవకుడు హైక్లియర్ భోజనశాలలో తేలతాడు. ఆ రెండు లోకాల మధ్య దూరాన్ని ఎడిటింగ్ బల్ల ఎంత సులువుగా చెరిపేసిందో, కథ కూడా అంత సులువుగానే చెరిపేసింది. ఒక్క పెద్ద జమీందారిణి పాత్రలో మ్యాగీ స్మిత్ మాత్రం ఆ దూరాన్ని తన హాస్యంతో బయటపెట్టారు. వారాంతం అంటే ఏమిటని ఆవిడ భోజనాల బల్ల దగ్గర అమాయకంగా అడిగినప్పుడు నవ్వొస్తుంది. ఆవిడ వెనక నిలబడి వడ్డించే వాళ్లకూ వారాంతం లేదన్న సంగతి కాసేపాగి తడుతుంది. 2024లో ఆమె కన్నుమూశారన్న వార్త విన్నప్పుడు నాకు మొదట తలపుకొచ్చినది ఆ ప్రశ్నే.

తర్వాత వచ్చిన నెట్‌ఫ్లిక్స్ ధారావాహిక ‘బ్రిడ్జర్‌టన్’ అసలు చరిత్ర భారమే పెట్టుకోలేదు. 2022 నాటి రెండో సీజన్‌లో భారతదేశం నుంచి లండన్ వచ్చిన అక్కచెల్లెళ్లు ఉన్నారు, పెళ్లికి ముందు పసుపు పూసే వేడుక ఉంది. చూడడానికి ముచ్చటగానే ఉంది కానీ, ఆ కథ జరిగే పందొమ్మిదో శతాబ్దపు తొలి ఏళ్లలో మన కోస్తా జిల్లాలు ఈస్టిండియా కంపెనీకి శిస్తు కడుతున్నాయన్న సంగతి ఆ పసుపు వేడుకను ఎక్కడా తాకదు.

ఇక నాట్యపోటీ. బీబీసీలో 1950 నుంచి 1998 దాకా ‘కమ్ డాన్సింగ్’ అనే పాత కార్యక్రమం నడిచింది. దాన్ని ఆలోచించిన ఎరిక్ మోర్లీయే మిస్ వరల్డ్ పోటీనీ ప్రారంభించాడు. 2025లో మన హైదరాబాద్ ఆతిథ్యమిచ్చినది ఆ పోటీకే. కొత్త కార్యక్రమంలో నటులు, క్రీడాకారులు, పాత్రికేయులు తలా ఒక వృత్తి నర్తకుడితోనో నర్తకితోనో జోడీగా వారానికో నాట్యం నేర్చుకుంటారు. నలుగురు న్యాయనిర్ణేతలు తలా పదికి మార్కులు వేస్తారు, ఆ మార్కులకు ప్రేక్షకుల ఓట్లు కలుస్తాయి. ఈ పోటీకి ప్రాణం ఆ రాత్రి తళుకుల్లో లేదు, నాట్యానికి ముందు చూపించే సాధన గదిలో ఉంది. పాదం మెలిపడడం, లెక్క తప్పడం, కోపం తెచ్చుకుని గోడకు ఆనుకుని కూర్చోవడం అక్కడ మన కళ్లెదుటే జరుగుతాయి.

2021 విజేత రోజ్ ఐలింగ్-ఎల్లిస్‌కు వినికిడి లేదు. ఒక వారం ఆమె, జోడీ జొవాన్ని పెర్నీస్ నాట్యం చేస్తుండగా సంగీతం కాసేపు పూర్తిగా ఆగిపోయింది. ఇద్దరూ లయ తప్పకుండా నిశ్శబ్దంలో ఆడుతూనే ఉన్నారు. 2024లో గెలిచిన హాస్యనటుడు క్రిస్ మెకాస్‌లాండ్‌కు చూపు లేదు. భుజం ఎంత ఎత్తులో ఉండాలో, చెయ్యి ఏ వంపు తిరగాలో చూసి నేర్చుకునే వీలు లేని మనిషికి ఆయన జోడీ డయాన్ బజ్‌వెల్ మాటతో, స్పర్శతో ఎలా నేర్పిందో వారం వారం చూశాం. నాట్యం అంటే శరీరానికి పట్టే లెక్క అని అంత స్పష్టంగా చూపించిన పాఠం టెలివిజన్‌లో మరొకటి నాకు కనిపించలేదు.

ఈ రెండు కార్యక్రమాలకూ ఒక చుట్టరికం ఉంది. ఫాక్స్‌ట్రాట్ అనే జంట నాట్యంలో ముందుకు వేసే అడుగున మడమే మొదట నేలను తాకాలని న్యాయనిర్ణేతలు పట్టుబడతారు. ఒకప్పటి ప్రధాన న్యాయనిర్ణేత, దివంగత లెన్ గుడ్‌మన్ ఈ విషయంలో ఎవరినీ ఉపేక్షించేవారు కాదు. నాట్యోపాధ్యాయుల సంఘమొకటి లండన్‌లో 1924లో ప్రత్యేక బాల్‌రూమ్ శాఖను ఏర్పరచిన కాలంలోనే ఇలాంటి నియమాలు స్థిరపడ్డాయి. సరిగ్గా ‘డౌన్‌టన్’ చివరి సిరీస్‌లు జరిగే కాలమది. ఆ కోటలో విందు ముగిశాక జంటలు తేలిపోతున్నట్టు నర్తిస్తారు. ఆ తేలిపోవడం వెనక ఎన్ని గంటల సాధన ఉందో కథ చెప్పదు, పోటీ చెబుతుంది.

పోటీ కూడా పూర్తిగా కడిగిన ముత్యం కాదు. 2008లో జాన్ సార్జెంట్ అనే రాజకీయ పాత్రికేయుడు తన జోడీని నేల మీద బరబరా ఈడ్చుకెళ్లినా జనం ఓట్లు వేసి నిలబెట్టారు. చివరికి తానే గెలిచే ప్రమాదముందని ఆయనే తప్పుకున్నాడు. 2024లో శిక్షణ తీరుపై ఫిర్యాదులు వచ్చాక, సాధన గదిలో నిర్మాణ సిబ్బంది ఒకరు ఎల్లప్పుడూ ఉండాలని బీబీసీ నిర్ణయించింది. అంటే మనకు కనిపించిన శ్రమ కూడా కత్తెర పడిన తర్వాతి శ్రమే.

ఇదే నమూనాతో 2006లో హిందీలో ‘ఝలక్ దిఖ్‌లా జా’ వచ్చింది. తెలుగులో ఈటీవీ ‘ఢీ’ వేరే దారిది. సినిమాల వారికంటే నాట్యమే బతుకు చేసుకోవాలనుకునే యువతీయువకులకు అది వేదికయింది. రానురాను అక్కడ పరిహాసాలు, పొగడ్తలు నాట్యం కన్నా ఎక్కువ సమయం తింటున్నాయి. కడప నుంచో కరీంనగర్ నుంచో వచ్చిన పిల్లవాడు ఆ ఎగిరే భంగిమను ఎన్నిసార్లు తప్పి, ఎలా సరిదిద్దుకున్నాడో చూపించడానికి అందులో రెండు నిమిషాలు కేటాయిస్తే, జోకుల్లో కొన్ని పోయినా నేను ఛానల్ మార్చను.