కోరిలేషన్ 0.79 అట! సరే, ఆ చుక్కలేవీ? ముందు చుక్కలు చూపించండి!

నమస్తే అండీ. చాక్లెట్ ఎక్కువ తినే దేశాలకే నోబెల్ బహుమతులు ఎక్కువొస్తాయనే గ్రాఫ్ మీరంతా చూసే ఉంటారు. 2012లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వచ్చింది. రాసింది ఫ్రాంజ్ మెస్సెర్లీ అనే గుండె డాక్టర్. 23 దేశాలు, కోరిలేషన్ (అంటే రెండు అంకెలు ఎంత గట్టిగా కలిసి నడుస్తాయో చెప్పే నంబర్; 1కి దగ్గరైతే గట్టి జోడీ) 0.791. ఆ గ్రాఫ్ ఎక్కడ కనిపించినా కింద కామెంట్లలో ఒకటే పాట: "కోరిలేషన్ ఈజ్ నాట్ కాజేషన్ బ్రో", అంటే రెండూ కలిసి నడిచినంత మాత్రాన ఒకటి రెండోదానికి కారణం కాదని. అంతే, వాదన ముగిసిపోయినట్టు ఎవరి దారిన వాళ్లు పోతారు.

నాకు ఒళ్లు మండేది అక్కడే! ఆ మాట తప్పని నేను అనను. కానీ ఆ మాట రాసినవాళ్లలో ఆ గ్రాఫ్‌లో చుక్కల్ని ఒక్కొక్కటిగా చూసినవాళ్లు ఎంతమంది? ఏది దేనికి కారణం అన్నది తర్వాత తేల్చుకుందాం. అసలా నంబర్ ఎలా పుట్టిందో చూడరా? ఇవాళ నేను చెప్పేది ఒక్కటే. చుక్కలు చూపించకుండా కోరిలేషన్ చెప్పేవాణ్ణి నమ్మకండి. ప్రొఫెసరైనా, కంపెనీ అయినా, పెద్ద పేపరైనా సరే, నమ్మకండి.

రండి, ఆ గ్రాఫ్‌లోకే వెళ్దాం. అడ్డంగా మనిషికి ఏడాదికి ఎన్ని కిలోల చాక్లెట్, నిలువుగా కోటి జనాభాకి ఎన్ని నోబెల్‌లు. కింద ఎడమ మూలలో చైనా, జపాన్, బ్రెజిల్. పైన కుడివైపు స్విట్జర్లాండ్. ఇప్పుడు స్వీడన్‌ని చూడండి. మనిషికి 6.4 కిలోలు తింటారు. ఆ లెక్కన ఆ దేశానికి 14 నోబెల్‌లు రావాలి, వచ్చినవి 32. మిగతా చుక్కల్ని వదిలేసి ఎక్కడో పైన కూర్చుంది. ఆ ఒక్క చుక్కని తీసేస్తే కోరిలేషన్ 0.791 నుంచి 0.862కి ఎగబాకుతుంది! ఒక్క దేశం అండీ! ఈ మాట మెస్సెర్లీయే తన పేపర్లో రాశాడు. నోబెల్ కమిటీ స్టాక్‌హోమ్‌లోనే ఉంది కదా, సొంత దేశం మీద కాస్త పక్షపాతమేమో అని కూడా అన్నాడు. ఆయన సరదాగా రాసిన పేపర్ అది, రోజూ చాక్లెట్ తింటానని కూడా అందులోనే చెప్పుకున్నాడు. సరదాని పక్కనపెట్టి నంబర్‌ని నెత్తిన పెట్టుకున్నది మనం.

ఇంకోటి అడుగుతా. ఆ గ్రాఫ్‌లో ఒక్కో చుక్క ఎవరు? మనిషా? కానే కాదు, దేశం. నోబెల్ తీసుకున్న ఒక్క సైంటిస్టైనా చాక్లెట్ తిన్నాడో లేదో అందులో ఎక్కడా లేదు. పైగా నోబెల్‌ల లెక్క 1901 నుంచి, చాక్లెట్ లెక్క మొన్నమొన్నటిది. చుక్క దగ్గర ఆగి "నువ్వెవరు?" అని అడిగితే బయటపడేవి ఇవన్నీ. 0.791ని ఎంతసేపు చూసినా ఇందులో ఒక్కటీ చెప్పదు.

ఎందుకు చెప్పదంటే, ఆ లెక్క తీరే అంత. ప్రతి చుక్కా సగటు నుంచి అడ్డంగా ఎంత దూరం, నిలువుగా ఎంత దూరం చూసి, ఆ రెండూ గుణించి, అన్నీ కూడతారు. తర్వాత మైనస్ 1కీ ప్లస్ 1కీ మధ్య పడేలా భాగిస్తారు. దూరంగా ఉన్న చుక్కకి గుణకారంలో బలం ఎక్కువ. మంద మొత్తాన్ని ఒక్కటే లాక్కుపోగలదు.

నమ్మరా? 1973లో యేల్ యూనివర్సిటీలో ఫ్రాన్సిస్ ఆన్‌స్కోంబ్ అనే స్టాటిస్టిక్స్ ప్రొఫెసర్ నాలుగు డేటా సెట్లు తయారుచేశాడు. ఒక్కోదాంట్లో 11 చుక్కలు. నాలుగింటికీ ఎక్స్ సగటు 9, వై సగటు 7.5, కోరిలేషన్ 0.816. గీసి చూస్తే ఒకటి మామూలు మేఘం, ఒకటి వంపు, ఒకటి తిన్నని ఏటవాలు గీత, దాన్నుంచి తప్పిపోయిన ఒక చుక్క. నాలుగోది చూస్తే మతిపోతుంది. పది చుక్కలకి ఎక్స్ విలువ 8. పదీ ఒకే నిలువు గీత మీద! పదకొండోది మాత్రం దూరంగా 19 దగ్గర. దాన్ని తీసేయండి. కోరిలేషన్ తగ్గడం, పెరగడం అనే మాటే లేదు, అసలు లెక్కే కుదరదు, సున్నాని సున్నాతో భాగించాల్సొస్తుంది. 0.816 మొత్తం ఆ ఒక్క చుక్క పుణ్యం.

దీనికి రివర్స్ కూడా ఉంది, మీరే చేయండి. మైనస్ 3 నుంచి 3 దాకా అంకెలు రాసి, పక్కన వాటి వర్గాలు రాయండి: 9, 4, 1, 0, 1, 4, 9. ఇంతకంటే గట్టి సంబంధం ఉంటుందా? కోరిలేషన్ ఎంతో తెలుసా? సున్నా! గీస్తే మాత్రం గిన్నె ఆకారం కళ్లకు కట్టినట్టు కనబడుతుంది.

మరి మనకి డిగ్రీలో నేర్పేదేంటి? ఎక్స్, వై, ఎక్స్‌వై, ఎక్స్ స్క్వేర్, వై స్క్వేర్... ఐదు కాలమ్‌లు, కింద సిగ్మాలు (మొత్తాలు), ఫార్ములాలో వేసి దశాంశం దాకా లెక్క. స్కాటర్ డయాగ్రమ్‌కి, అంటే ఈ చుక్కల గ్రాఫ్‌కి మాత్రం రెండు మార్కుల షార్ట్ నోట్! పెళ్లిచూపులకి అమ్మాయినీ అబ్బాయినీ తీసుకురాకుండా జాతకాల్లో ఎన్ని గుణాలు కలిశాయో చెప్పి ముహూర్తం పెట్టేసినట్టుంది. కేంబ్రిడ్జ్‌లో స్టాటిస్టిక్స్ దిగ్గజం ఫిషర్ దగ్గర పీహెచ్‌డీ చేసి, 102 ఏళ్ల వయసులో ఇంటర్నేషనల్ ప్రైజ్ ఇన్ స్టాటిస్టిక్స్ అందుకున్న సి.ఆర్. రావు గారు ఆంధ్రా యూనివర్సిటీలో చదివినవారు. ఆయన చదివిన గడ్డ మీద పిల్లలు గ్రాఫ్ పేపర్ ముట్టుకోకుండా స్టాటిస్టిక్స్ పాసైపోతుంటే నాకు కడుపు రగిలిపోతుంది.

"చుక్కలు చూడకపోతే కొంపలేం మునుగుతాయి?" అనేవాళ్లకి చాలెంజర్ సంగతి చెప్తా. 1986 జనవరి 28. స్పేస్ షటిల్ లేచిన 73 సెకన్లకి ముక్కలైంది, ఏడుగురు పోయారు. బూస్టర్ జాయింట్లలో రబ్బరు రింగులు చలికి పనిచేయలేదు. ముందురోజు రాత్రి దీనిమీదే ఫోన్‌లో మీటింగ్ జరిగింది. వద్దని మొత్తుకున్న ఇంజనీర్లు ఉన్నారు. కానీ వాళ్ల ముందు పెట్టుకున్నవి రింగులు దెబ్బతిన్న ఫ్లైట్లు మాత్రమే. 53 ఫారెన్‌హీట్‌లో దెబ్బతిన్నాయి, 75లోనూ దెబ్బతిన్నాయి, ఇంక చలికీ దీనికీ లింకెక్కడ అనిపించింది.

మరి దెబ్బతినని ఫ్లైట్లు? వాటినెవరూ పక్కన పెట్టి చూడలేదు! తర్వాత ప్రమాదంపై విచారణ చేసిన రోజర్స్ కమిషన్ అన్నీ కలిపి చూసింది. 66 డిగ్రీలు, ఆపైన 20 ఫ్లైట్లు, అందులో దెబ్బతిన్నవి మూడు. 63, ఆ కింద నాలుగు ఫ్లైట్లు, దెబ్బతిన్నవి నాలుగూ. అంటే ఏ దెబ్బా తగలని ఆ 17 చుక్కలూ వెచ్చని వైపే ఉన్నాయి, చలివైపు ఒక్కటి లేదు. ఆ రోజు పొద్దున లాంచ్ టైమ్‌కి గాలి ఉష్ణోగ్రత 36 ఫారెన్‌హీట్, అంటే మన సెల్సియస్‌లో దాదాపు 2 డిగ్రీలు.

పేపర్ తీయండి. అడ్డంగా 30 నుంచి 85 దాకా గీత గీసి, 66 దగ్గర ఒక అడ్డుకట్ట వేయండి. కుడివైపు 17 ఖాళీ సున్నాలు, మూడు నల్ల చుక్కలు, ఎడమవైపు నాలుగూ నల్ల చుక్కలే. ఇప్పుడు 36 దగ్గర వేలు పెట్టి, ఆ మీటింగ్‌లో మీరుంటే ఏమనేవారో కామెంట్‌లో రాయండి.