గేమ్ అప్‌డేట్ నత్తనడక: లోపం లైనులోనా, డిస్క్‌లోనా?

హోస్ట్: ఇవాళ్టి ప్రశ్న సూటిగా ఉంది. నెట్ ప్లాన్ 100 ఎంబీపీఎస్. స్పీడ్ టెస్ట్ చేస్తే 95 వస్తోంది. గేమ్ అప్‌డేట్ పెడితే మాత్రం స్టీమ్‌లో, అంటే కంప్యూటర్ గేములు కొని దించుకునే యాప్‌లో, 11 దాటడం లేదు. మిగతా 84 ఎటు పోతోంది?

గెస్ట్: ఎటూ పోవట్లేదండీ. ప్లాన్‌లో రాసేది మెగాబిట్లు, స్టీమ్ మామూలుగా చూపించేది మెగాబైట్లు. బైట్‌కి 8 బిట్లు కాబట్టి 100ని 8తో భాగిస్తే 12.5. ప్యాకెట్ హెడర్లు అవీ ఇవీ పోను 11 నుంచి 12 మధ్య వస్తోందంటే లైను నిండా వాడుతున్నట్టే లెక్క. స్టీమ్ సెట్టింగ్స్‌లో డౌన్‌లోడ్స్ పేజీలో వేగాన్ని బిట్లలో చూపించమనే ఆప్షన్ ఉంది, అది ఆన్ చేసుకుంటే ఈ గొడవే ఉండదు.

హోస్ట్: మరి ప్లాన్ 300కి పెంచినా అదే 11 దగ్గర ఆగితే?

గెస్ట్: అప్పుడు నిజంగానే ఏదో ఉంది. చాలాసార్లు అది కేబుల్. ఈథర్నెట్ కేబుల్లో 8 తీగలుంటాయి. గిగాబిట్, అంటే 1000 ఎంబీపీఎస్, నడవాలంటే ఎనిమిదీ కావాలి. 100 ఎంబీపీఎస్‌కి 1, 2, 3, 6 నంబర్ల తీగలు నాలుగు చాలు. మిగతా నాలుగింటిలో ఒకటి తెగినా, ప్లగ్‌లో సరిగ్గా కూర్చోకపోయినా, కంప్యూటరూ రౌటరూ సాధారణంగా చప్పుడు చేయకుండా 100కి దిగిపోతాయి. ఎర్రర్ రాదు, నెట్ ఆగదు. విండోస్ సెట్టింగ్స్‌లో నెట్‌వర్క్ అండ్ ఇంటర్నెట్, అందులో ఈథర్నెట్ తెరిచి లింక్ స్పీడ్ చూడండి. 1000 ఉండాల్సిన చోట 100 కనిపిస్తే క్యాట్ 5ఈ కేబుల్ ఒకటి మార్చి చూడాలి. రౌటర్ పోర్టులే 100వి అయితే మాత్రం కేబుల్ మార్చినా ఉపయోగం లేదు.

హోస్ట్: అందుకే అంకె ఎక్కడ ఆగుతోందో చూడాలన్నమాట.

గెస్ట్: కదలకుండా ఒకే అంకె దగ్గర నిలబడితే ఎక్కడో ఒక పరిమితి ఉంది. పైకీ కిందకీ ఊగుతుంటే వైఫై గానీ డిస్క్ గానీ. వచ్చి ఆగి, మళ్లీ వచ్చి ఆగుతుంటే ముందు డిస్క్ చూస్తాం. జనం అన్నిటికన్నా తక్కువగా అనుమానించేది కూడా డిస్క్‌నే.

హోస్ట్: అదెలా? దించుతున్నది నెట్ నుంచి కదా?

గెస్ట్: దిగేది కంప్రెస్ చేసిన డేటా. స్టీమ్ గేమ్‌ని దాదాపు 1 మెగాబైట్ ముక్కలుగా చేసి పంపుతుంది. ఆ ముక్కని సీపీయూ విప్పాలి, ఆ తర్వాత డిస్క్ మీద రాయాలి. రాయడం వెనకబడితే దించడం ఆగి ఎదురుచూస్తుంది. స్టీమ్ డౌన్‌లోడ్ పేజీలో నెట్‌వర్క్‌కి ఒక గ్రాఫ్, డిస్క్‌కి ఒక గ్రాఫ్ ఉంటాయి. నెట్‌వర్క్ గ్రాఫ్ సున్నాకి పడి, డిస్క్ గ్రాఫ్ లేచి ఉందంటే సర్వీస్ ప్రొవైడర్‌కి ఫోన్ చేయడం దండగ.

హోస్ట్: కొత్తగా గేమ్ దించినప్పుడు బాగానే వస్తుంది, అప్‌డేట్ అప్పుడే ఇరుక్కుంటుంది అంటారు చాలామంది.

గెస్ట్: దానికి కారణముంది. ఈ కాలం గేముల్లో చాలావాటికి డేటా అంతా కొన్ని పెద్ద ప్యాక్ ఫైళ్లలో ఉంటుంది. అలాంటి ఫైలు ఒకటి 40 జీబీ ఉందనుకోండి. అందులో అక్కడక్కడా కలిపి మారింది 2 జీబీయే. దిగేది ఆ 2 జీబీయే, కానీ పాత ఫైలంతా చదివి, కొత్త ముక్కలు కలిపి, 40 జీబీ ఫైలు మళ్లీ రాయాల్సి రావచ్చు. చదవడం 40, రాయడం 40, మొత్తం 80 జీబీ పని. హార్డ్ డిస్క్ సెకనుకి 100 మెగాబైట్లు చేసినా 800 సెకన్లు, అంటే 13 నిమిషాల పైమాటే. ఒకే డిస్క్ మీద చదువుతూ రాస్తుంటే లోపల చదివి రాసే హెడ్ అటూ ఇటూ తిరగాలి కాబట్టి ఆ 100 కూడా రాదు, సమయం రెండు మూడింతలైనా ఆశ్చర్యం లేదు. ఆ సేపంతా స్క్రీన్ మీద డౌన్‌లోడ్ సున్నా అని ఉంటుంది, జనం రౌటర్‌ని తిడుతుంటారు.

హోస్ట్: 2 జీబీ అప్‌డేట్‌కి 40 జీబీ ఖాళీ కావాలని అడిగేది కూడా అందుకేనా?

గెస్ట్: అందుకే. కొత్త ఫైలు తయారయ్యేదాకా పాతది ఉండాలి. పీఎస్4 కన్సోల్‌లో అయితే ఇది ఇంకా బాగా కనిపిస్తుంది. అప్‌డేట్ దిగాక కాపీయింగ్ అంటూ చాలాసేపు కూర్చుంటుంది, ఖాళీ కూడా ఎక్కువే అడుగుతుంది.

హోస్ట్: డిస్కే కారణమని తేల్చుకోవడం ఎలా?

గెస్ట్: కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ కలిపి నొక్కితే టాస్క్ మేనేజర్ వస్తుంది. పర్ఫార్మెన్స్ ట్యాబ్‌లో గేమ్ ఉన్న డిస్క్‌ని ఎంచుకుని యాక్టివ్ టైమ్ చూడండి. అది 100 శాతం దగ్గర అతుక్కుని, నెట్‌వర్క్ ఖాళీగా ఉంటే డిస్కే. డిస్క్ తీరిగ్గా ఉండి సీపీయూ 100కి చేరితే ముక్కలు విప్పడంలో ఆలస్యం. డిస్కే అయితే గేమ్‌ని ఎస్ఎస్‌డీకి, అంటే తిరిగే భాగాలు లేని వేగమైన డ్రైవ్‌కి, మార్చడం అసలు మందు. స్టీమ్‌లో స్టోరేజ్ పేజీ నుంచే మూవ్ చేయొచ్చు, మళ్లీ దించక్కర్లేదు. చవక ఎస్ఎస్‌డీలతో ఒక చిక్కుంది, మొదట కొంతసేపు వేగంగా రాసి, లోపల వేగంగా రాసుకునే తాత్కాలిక జాగా, అంటే క్యాష్, నిండగానే చతికిలబడతాయి. డ్రైవ్ నిండేకొద్దీ ఆ క్యాష్ కూడా చిన్నదవుతుంది, కాబట్టి అంచుదాకా నింపకండి.

హోస్ట్: యాంటీవైరస్ ఆపేయమని సలహాలు కనిపిస్తుంటాయి.

గెస్ట్: మొత్తం ఆపొద్దు. రాసిన ప్రతి ఫైలునీ అది తనిఖీ చేస్తుంది కాబట్టి ఆలస్యం నిజమే. కావాలంటే గేమ్ లైబ్రరీ ఫోల్డర్ ఒక్కదాన్నే మినహాయింపుల్లో పెట్టండి. డౌన్‌లోడ్స్ ఫోల్డర్‌ని మాత్రం ఎప్పుడూ పెట్టకూడదు.

హోస్ట్: ఇందాక ఒకే అంకె దగ్గర ఆగితే పరిమితి అన్నారు. కేబుల్ కాకుండా ఇంకెక్కడ ఉంటాయవి?

గెస్ట్: లాంచర్లలోనే, అంటే గేములు దించి నడిపే స్టీమ్ లాంటి యాప్‌లలో. స్టీమ్ డౌన్‌లోడ్స్ పేజీలో వేగ పరిమితి ఉంది, గేమ్ ఆడుతున్నప్పుడు డౌన్‌లోడ్ జరగనివ్వాలా వద్దా అనే ఆప్షన్ కూడా అక్కడే. ఎపిక్‌లో థ్రాటిల్ డౌన్‌లోడ్స్ అని ఒక గడి, అందులో 0 ఉంటే పరిమితి లేనట్టు. బ్యాటిల్ డాట్ నెట్‌లో తాజా అప్‌డేట్‌కి ఒకటి, ముందస్తు కంటెంట్‌కి ఒకటి వేరువేరుగా ఉంటాయి. ప్రీలోడ్ మెల్లగా వస్తోందంటే ఆ రెండోది చూడాలి. ఎక్స్‌బాక్స్ యాప్‌లో దించేవాళ్లు విండోస్ అప్‌డేట్‌లో అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్, దాని కింద డెలివరీ ఆప్టిమైజేషన్ తెరవాలి. ఎప్పుడో పెట్టి మరిచిపోయిన శాతం పరిమితి అక్కడ దాక్కుని ఉండొచ్చు.

హోస్ట్: వైఫై సంగతి?

గెస్ట్: కుదిరితే అప్‌డేట్ అప్పుడైనా కేబుల్ పెట్టండి. కుదరకపోతే వైఫైలో 5 గిగాహెర్ట్జ్ బ్యాండ్ వాడండి. 2.4లో ఒకదానికొకటి తగలని 20 మెగాహెర్ట్జ్ ఛానెళ్లు 1, 6, 11 మూడే, చుట్టుపక్కల రౌటర్లన్నీ ఆ మూడింటి మీదే పడతాయి. అంతకుమించి చెప్పేదేం లేదు.

హోస్ట్: స్పీడ్ టెస్ట్ బాగుంది, డిస్క్ బాగుంది, పరిమితులూ లేవు. అయినా నెమ్మదే. ఇప్పుడు?

గెస్ట్: ఇప్పుడు డేటా వచ్చే దారి చూడాలి. స్పీడ్ టెస్ట్ దగ్గరి సర్వర్‌ని ఎంచుకుంటుంది, గేమ్ ఫైళ్లు వేరే చోటి నుంచి రావచ్చు. స్టీమ్‌లో డౌన్‌లోడ్ రీజియన్‌ని పక్క ప్రాంతానికి మార్చి, 5 నిమిషాలు చూడండి. పెద్ద ప్యాచ్ విడుదలైన మొదటి గంటల్లో దగ్గరి సర్వరే రద్దీగా ఉండొచ్చు. డీఎన్ఎస్, అంటే సైట్ పేరుని సర్వర్ చిరునామాగా మార్చి చెప్పే సర్వీస్, కూడా తేడా తెస్తుంది. చాలా డౌన్‌లోడ్ నెట్‌వర్కులు మీ డీఎన్ఎస్ ఎక్కడుందో చూసి సర్వర్‌ని కేటాయిస్తాయి, దూరపు డీఎన్ఎస్ పెట్టుకుంటే దూరపు సర్వర్ తగలొచ్చు. గేమింగ్ కోసమని డీఎన్ఎస్ మార్చి ఉంటే, ఒకసారి ప్రొవైడర్‌దే పెట్టి పోల్చండి.

హోస్ట్: గేమ్ బూస్టర్ సాఫ్ట్‌వేర్లు వేసుకుంటారు కదా, అవేమైనా పనికొస్తాయా?

గెస్ట్: కొన్ని ఉన్నది చెడగొడతాయి. పింగ్, అంటే సర్వర్ జవాబుకి పట్టే సమయం, తగ్గిస్తామంటూ విండోస్‌లో టీసీపీ ఆటో ట్యూనింగ్‌ని ఆపేస్తాయి. ఒక విడతలో ఎంత డేటా రావచ్చో లైనుని బట్టి సర్దే ఏర్పాటు అది. అది ఆగితే ఒక కనెక్షన్‌లో జవాబు రాకముందు పంపగలిగేది 64 కిలోబైట్ల దగ్గర ఆగుతుంది. సర్వర్‌కి వెళ్లి రావడానికి 100 మిల్లీసెకన్లు పడితే సెకనుకి పది విడతలు, అంటే 640 కిలోబైట్లు. లైను 100 అయినా 500 అయినా ఆ కనెక్షన్‌కి అంతే. కమాండ్ ప్రాంప్ట్‌లో నెట్‌ష్ ఇంటర్‌ఫేస్ టీసీపీ షో గ్లోబల్ (netsh interface tcp show global) అని కొడితే ఆటో ట్యూనింగ్ లెవల్ కనిపిస్తుంది, నార్మల్ అని ఉండాలి. డిసేబుల్డ్ అని ఉంటే అడ్మినిస్ట్రేటర్‌గా తెరిచి మళ్లీ నార్మల్ చేయండి.

హోస్ట్: ఇంట్లో ఇంకొకరు ఫొటోలు క్లౌడ్‌కి ఎక్కిస్తుంటే? అది అప్‌లోడ్ కదా, మన డౌన్‌లోడ్‌కి అడ్డేంటి అనుకుంటాం.

గెస్ట్: అడ్డే. వచ్చిన డేటాకి అందిందని జవాబు వెనక్కి వెళ్లాలి, అది అప్‌లోడ్ దారిలోనే వెళ్తుంది. ఆ దారి నిండితే జవాబులు క్యూలో నిలబడతాయి, అవతలి సర్వర్ తగ్గించి పంపుతుంది. బ్యాకప్ ఆపి ఒక నిమిషం చూస్తే తేలిపోతుంది. కన్సోల్‌లో అయితే వెనకాల తెరిచి ఉన్న గేమ్‌ని పూర్తిగా మూసేయండి. పీఎస్4, ఎక్స్‌బాక్స్ రెండూ గేమ్ నడుస్తుంటే డౌన్‌లోడ్‌ని వెనక్కి నెడతాయి.

హోస్ట్: చివరికి విసిగి గేమ్ డిలీట్ చేసి మళ్లీ దించేవాళ్లున్నారు.

గెస్ట్: 100 జీబీ గేమ్ 100 ఎంబీపీఎస్ లైను మీద దిగాలంటే, అంతా సవ్యంగా ఉన్నా రెండు గంటల పైనే. ఏదో ఒక శాతం దగ్గర ఇరుక్కుంటే ముందు స్టీమ్‌లో డౌన్‌లోడ్ క్యాష్ క్లియర్ చేయండి, మళ్లీ లాగిన్ అడుగుతుంది, గేములు పోవు. అదీ కాకపోతే గేమ్ ప్రాపర్టీస్‌లో ఫైళ్లని వెరిఫై చేయండి, పాడైనవి మాత్రమే దిగుతాయి. అది నడుస్తున్నంతసేపూ డిస్క్ పనే కాబట్టి డౌన్‌లోడ్ సున్నా చూపిస్తుంది, అప్పుడు రద్దు నొక్కకండి.