గ్యాస్ బండకు బదులు గోబర్ గ్యాస్

అందరికీ నమస్కారం. పాడి ఉన్న రైతులూ డ్వాక్రా అక్కచెల్లెళ్లూ ఎక్కువగా వచ్చారు కాబట్టి నేరుగా లెక్కల్లోకి వస్తాను.

మన దేశం వాడే ఎల్పీజీలో సగానికి పైగా ఓడల మీద విదేశాల నుంచే వస్తోంది. 2016లో ఉజ్జ్వల పథకం వచ్చాక చాలా ఇళ్లలో పొగ బాధ తగ్గింది, కాదనను. కానీ రెండో బండ కొనలేక మళ్లీ కట్టెల పొయ్యి రాజేసిన ఇళ్లు మీకూ తెలుసు. వాటిలో కొన్నింటి పెరట్లో పేడ ఊరికే ఎండిపోతుంటుంది.

పేడను కుళ్లబెట్టి రెండు ఘనపు మీటర్ల గ్యాస్ ఇచ్చే గోబర్ గ్యాస్ ప్లాంటుకు రోజుకు 50 కిలోల పేడ, అన్నే నీళ్లు కావాలి. నలుగురైదుగురున్న ఇంటికి వంట గడుస్తుంది. లెక్క వేస్తే 16, 17 రోజులకు ఒక బండ మిగిలినట్టు. 50 కిలోలంటే నాలుగైదు పశువులుండాలి. టార్గెట్ కోసం ఒక్క గేదె ఉన్న ఇంటికి ప్లాంటు అంటగడితే కొన్నాళ్లకే అది చెత్త గుంత అవుతుంది.

పాత ఖాదీ కమిషన్ మోడల్‌లో పైన ఇనుప డ్రమ్ము తేలుతుండేది, అది తుప్పు పట్టేది. 1984లో వచ్చిన దీనబంధు మోడల్ ఇటుకా సిమెంటుతో కట్టే గుమ్మటం. ఖర్చు తక్కువే గానీ వెంట్రుకవాసి పగులున్నా గ్యాస్ పోతుంది. అంతా మేస్త్రీ చేతిలో ఉంది.

మంట ఎగిరెగిరి పడుతుంటే ప్లాంటు పాడైందని వదిలేస్తారు. చాలాసార్లు జరిగేది ఇదీ: గ్యాస్‌తో వచ్చిన ఆవిరి పైపులో చల్లబడి నీళ్లయి అడ్డం పడుతుంది. పల్లంలో పెట్టిన కుళాయి తిప్పి ఆ నీళ్లు వదిలేస్తే నీలిమంట తిరిగొస్తుంది. ఎల్పీజీ స్టవ్వును ఉన్నది ఉన్నట్టు దీనికి తగిలించకండి, దానిలో గ్యాస్ వచ్చే జెట్ రంధ్రం దీనికి మరీ సన్నం. చలికాలంలో గ్యాస్ తగ్గుతుంది. అప్పటికి ఒక బండ ఇంట్లో ఉంచుకోండి, అందులో తప్పేం లేదు.

అసలు చిక్కు వేరే ఉంది. రోజూ పేడ కలిపేది ఎవరు? మిగిలిన డబ్బు ఇంటాయన జేబులోకి, తొట్టిలో చెయ్యి ఇల్లాలిది అయితే ఈ పని ఏడాది కూడా సాగదు. గ్యాస్ పోగా ప్లాంటులోంచి బయటికొచ్చే పలచటి పేడలో, అంటే స్లర్రీలో, పేడలోని నత్రజని దాదాపు పోకుండా ఉంటుంది. దాన్ని ముందు ఒక మడికి పెట్టి చూపించండి. పంట తేడా కంటబడితే మగవాళ్లూ తొట్టి దగ్గరికి వస్తారని నా నమ్మకం.

ప్లాంటు కట్టించుకునే ముందే, రేపు చెడిపోతే ఎవరొచ్చి బాగుచేస్తారో అడిగి, ఆ మనిషి ఫోన్ నంబరు రాయించుకోండి. ఇక మీ ప్రశ్నలు అడగండి.