కరెంటు విషయంలో మంత్రిని అడగాల్సిన ప్రశ్న ఏది?

(తెరపై: తిరుపతి, తిరుచానూరు రోడ్డు. మన ప్రాంతానికి కరెంటు పంపిణీ చేసే ఎస్పీడీసీఎల్ ప్రధాన కార్యాలయం.)

నమస్కారం. కరెంటు బిల్లు పెరిగితే మన తిట్లన్నీ మొదట ఇంధన శాఖ మంత్రికే. ఆ కోపంలో న్యాయం ఉంది. కానీ మంత్రి చేతిలో ఏముందో, ఏం లేదో తెలియకుండా అడిగితే ఆ ప్రశ్న గాలికి పోతుంది.

(క్లోజప్: ఇంటి కరెంటు బిల్లు. ఒక్కో లైను కింద వేలు కదులుతుంది.)

ఎనర్జీ చార్జీలు, ఫిక్స్‌డ్ చార్జీలు. ఈ రెండింటి రేట్లు మంత్రి నిర్ణయించరు. 2003 విద్యుత్ చట్టం ప్రకారం అది ఏపీఈఆర్సీ, అంటే విద్యుత్ నియంత్రణ మండలి పని. తర్వాతది విద్యుత్ సుంకం. అది రాష్ట్ర ప్రభుత్వ పన్ను. ఇక ఎఫ్‌పీపీసీఏ అనే ఈ లైను దగ్గర కాసేపు ఆగుదాం. కరెంటు పంపిణీ చేసే కంపెనీకి, అంటే డిస్కంకు, కరెంటు కొనుగోలు ఖర్చు ముందు వేసిన అంచనాను మించితే, ఆ తేడాను తర్వాత మన దగ్గర వసూలు చేస్తారు. అదే ఇది. ఈ లైను వెనక ఎప్పుడో, ఎవరో సంతకం పెట్టిన కొనుగోలు ఒప్పందాలు ఉంటాయి. ఆ కొనుగోళ్లు ఏ దారిలో నడవాలో చెప్పే విధానం ప్రభుత్వానిది. మంత్రి అసలు బాధ్యత మొదలయ్యేది అక్కడే.

సోలార్, విండ్ కంపెనీలతో ఒప్పందాలు మామూలుగా 25 ఏళ్లకు రాసుకుంటారు. మంత్రి పదవి మహా అయితే ఐదేళ్లు. 2019లో అప్పటి రాష్ట్ర ప్రభుత్వం పాత సోలార్, విండ్ ఒప్పందాల రేట్లు ఎక్కువగా ఉన్నాయని, వాటిని తగ్గించడానికి ఒక కమిటీ వేసింది. కంపెనీలు కోర్టుకెళ్లాయి. 2022 మార్చిలో హైకోర్టు ఒప్పందంలో ఉన్న రేటే చెల్లించాలని తీర్పు చెప్పింది. ఆ రేట్లు ఎక్కువా కాదా అన్న వాదన పక్కన పెట్టండి. ఒకసారి సంతకం పడ్డాక వెనక్కి తీసుకోవడం ఎంత కష్టమో ఈ కేసు చూపించింది. అందుకే నా దృష్టిలో ఇంధన మంత్రిని గట్టిగా నిలదీయాల్సిన సమయం బిల్లు వచ్చినప్పుడు కాదు, ఒప్పందం కుదరబోతున్నప్పుడు.

(తెరపై: ఢిల్లీ శాఖల పట్టిక.)

మరి వాతావరణ మార్పుల సంగతి ఎవరు చూస్తారు? బ్రిటన్‌లో 2008లోనే ఇంధనం, వాతావరణ మార్పులు కలిపి ఒకే శాఖ పెట్టారు. 2016లో దాన్ని ఎత్తేశారు. 2023లో ఇంధన భద్రత, నెట్ జీరో పేరుతో మళ్లీ శాఖ వచ్చింది. మన దగ్గర అలాంటి ఒకే కుర్చీ లేదు. ఢిల్లీలో విద్యుత్ శాఖ వేరు, బొగ్గు శాఖ వేరు, సోలార్, విండ్ చూసే శాఖ వేరు. వాతావరణ మార్పులు పర్యావరణ శాఖ కిందికి వస్తాయి. 2014లో ఆ శాఖ పేరులోనే ఆ మాట చేర్చారు.

రాష్ట్రంలో ఒక్కోసారి ఒక్కోలా ఉంది. 2022లో పుంగనూరు ఎమ్మెల్యే పెద్దిరెడ్డి రామచంద్రారెడ్డికి ఇంధనం, పర్యావరణం, అటవీ శాఖలు మూడూ ఇచ్చారు. 2024 జూన్‌లో ఏర్పడిన మంత్రివర్గంలో ఇంధనం గొట్టిపాటి రవికుమార్‌కు, పర్యావరణం, అటవీ శాఖలు ఉప ముఖ్యమంత్రి పవన్ కల్యాణ్‌కు వెళ్లాయి. ఒకరి దగ్గరున్నా ఇద్దరి దగ్గరున్నా, పొగ తగ్గుతుందా లేదా అన్నది ఎక్కువగా తేలేది కరెంటు నిర్ణయాల్లోనే.

ఇది మనకు దూరపు విషయం కాదు. 2021 నవంబరులో తిరుపతి వీధుల్లో వరద ఎలా పారిందో, రాయలచెరువు కట్ట తెగుతుందేమోనని కింది ఊళ్ల జనాన్ని ఎలా ఖాళీ చేయించారో మనం చూశాం. ఏదో ఒక్క వానను పట్టుకుని ఇది వాతావరణ మార్పే అని తేల్చేయలేం. కానీ గాలి వేడెక్కేకొద్దీ అందులో తేమ ఎక్కువ పట్టి, కుండపోత వానలు ఇంకా ముదురుతాయి. అందులో సందేహం లేదు.

(తెరపై: చిత్తూరు జిల్లా, పలమనేరు వైపు. మామిడి తోట పక్కన బోరు, స్టార్టర్ డబ్బా.)

ఇప్పుడు ఈ స్టార్టర్ డబ్బా చూడండి. మన పడమటి మండలాల్లో వెయ్యి అడుగులు దాటిన బోర్లు ఉన్నాయి. అంత లోతు నుంచి నీళ్లు తోడాలంటే కరెంటే దిక్కు. 2004 నుంచి వ్యవసాయానికి ఉచిత కరెంటు ఉంది. రైతుకు ఉచితం, డిస్కంకు కాదు. ఆ సబ్సిడీ డబ్బును ప్రభుత్వం డిస్కంకు ముందే కట్టాలని విద్యుత్ చట్టం 65వ సెక్షన్ చెబుతుంది. ఆ డబ్బు ఆలస్యమైతే డిస్కం అప్పులు చేస్తుంది. ఆ వడ్డీ భారం ఎవరో ఒకరు మోయాల్సిందే. బడ్జెట్‌లో ఈ డబ్బు పెట్టించడం, సమయానికి విడుదల చేయించడం ఇంధన మంత్రి పని. టీవీల్లో కనపడని పని ఇది, కానీ నాకు తెలిసి ఇంతకన్నా ముఖ్యమైనది ఆ కుర్చీలో ఇంకోటి లేదు.

ఇంకో సంగతి. ఒకప్పుడు రైతు అర్ధరాత్రి టార్చిలైటు పట్టుకుని మోటారు వేయడానికి వెళ్లేవాడు. పాము భయం, షాకు భయం. పగటిపూట తొమ్మిది గంటల కరెంటు అన్న విధానంతో ఆ బాధ తగ్గించాలని చూశారు. సోలార్ కరెంటు కూడా పగలే వస్తుంది. బోర్లను ఎండ ఉన్నప్పుడే నడిపితే రైతుకు నిద్ర మిగులుతుంది, బొగ్గు కూడా మిగులుతుంది. వ్యవసాయ ఫీడర్లకు, అంటే బోర్లకు కరెంటు తెచ్చే లైన్లకు, సోలార్ కలిపే కేంద్ర పథకం పీఎం కుసుమ్ 2019లో మొదలైంది. దాన్ని మన జిల్లాలో ఏ ఫీడరుకు ఎప్పుడు తెస్తారు? మంత్రిని అడగాల్సిన సరైన ప్రశ్న ఇలా ఉండాలి.

సాయంత్రం ఆరు దాటాక కథ మారుతుంది. ఎండ పోతుంది, ఇళ్లలో లైట్లు, ఏసీలు మొదలవుతాయి. ఆ నాలుగైదు గంటలకు బ్యాటరీలా, నీటిని పైకి తోడి నిల్వ చేసే పంప్‌డ్ స్టోరేజీనా, బొగ్గేనా అన్నది తేల్చకుండా ఎన్ని సోలార్ పార్కులు ప్రకటించినా పని సగమే. 2024 అక్టోబరులో వచ్చిన రాష్ట్ర క్లీన్ ఎనర్జీ పాలసీ 10 లక్షల కోట్ల పెట్టుబడులు లక్ష్యంగా పెట్టుకుంది. ఆ అంకె విని చప్పట్లు కొట్టే ముందు, సాయంత్రం కరెంటును యూనిట్ ఎంతకు, ఎన్నేళ్లకు కొంటున్నారో అడగాలి.

(తెరపై: విచారణ హాలు బొమ్మ, మైకు ముందు ఒక రైతు.)

ఎక్కడ అడగాలి? ఏటా డిస్కంలు వచ్చే ఏడాది ఖర్చుల లెక్కలు ఏపీఈఆర్సీకి ఇస్తాయి. అవి బయటికొచ్చాక ఎవరైనా అభ్యంతరం రాసి పంపొచ్చు, బహిరంగ విచారణలో మాట్లాడొచ్చు. లాయరు అక్కర్లేదు. తీర్పు చెప్పేది మండలి. కానీ ప్రభుత్వం సబ్సిడీ ఎంత ఇస్తుందో తెలియకుండా రేట్లు ఖరారు కావు కాబట్టి మంత్రి శాఖ కూడా అక్కడ తప్పించుకోలేదు. ఆ లెక్కల్లో నేరుగా విద్యుత్ కొనుగోలు ఖర్చు పేజీకి వెళ్లండి. ఏ ప్లాంటు నుంచి ఎంత కొంటున్నారో, ఏ ధరకో అక్కడ ఉంటుంది. అందులో మీకు ఎక్కువనిపించిన ఒక్క లైను పట్టుకుని, ఎందుకని రాయండి. డిస్కంకు ఒకటి, మండలికి ఒకటి పంపండి. ఎమ్మెల్యేకు కూడా ఒక కాపీ ఇవ్వండి. అసెంబ్లీలో ఇంధన మంత్రిని నిలబెట్టి అడిగే హక్కు ఆయనకు ఉంది.