లావాదేవీల్లో లోపాల శాతం: అలారం ఎప్పుడు మోగాలి?

[తెరపై: చెల్లింపు పేజీ. గుండ్రంగా తిరుగుతున్న గుర్తు. ఆ వెంటనే ‘లావాదేవీ విఫలమైంది’.]

ఈ సందేశం చూసి ఫిర్యాదు చేసేవారు తక్కువ. మరోసారి ప్రయత్నిస్తారు, అప్పటికీ కాకపోతే పేజీ మూసేసి వెళ్లిపోతారు. ఫిర్యాదుల కోసం ఎదురుచూస్తూ కూర్చుంటే పుణ్యకాలం కాస్తా గడిచిపోతుంది. సంగతి సర్వరే మనకు చెప్పాలి. ఎలా చెప్పించాలో, అంతకన్నా ముఖ్యంగా ఎప్పుడు చెప్పనివ్వకూడదో చూద్దాం. ఉదాహరణలకు సర్వర్ల అంకెలను సేకరించి గమనించే ప్రొమీథియస్‌ను, దానికి తోడుండి హెచ్చరికలను మనకు చేరవేసే అలర్ట్‌మేనేజర్‌ను తీసుకుంటున్నాను. మీరు వేరే పరికరం వాడుతున్నా లెక్క ఇదే.

[తెరపై: ఒక భిన్నం. పైన ‘విఫలమైనవి’, కింద ‘మొత్తం’.]

లవంలో విఫలమైన లావాదేవీలు, హారంలో మొత్తం లావాదేవీలు. చూడటానికి చిన్న తరగతుల లెక్క. అలారాలు ఎక్కువగా దెబ్బతినేది మాత్రం ఇక్కడే.

ముందు లవం. దేన్ని వైఫల్యం అనాలి? ఖాతాలో డబ్బు లేదని బ్యాంకు తిరస్కరించింది, పిన్ తప్పుగా కొట్టారు: ఇవి వినియోగదారుడి వైపు కారణాలు. అర్ధరాత్రి ఇంజినీరును లేపినంత మాత్రాన ఎవరి ఖాతాలోనూ డబ్బు పుట్టదు. డేటాబేస్ జవాబివ్వలేదు, చెల్లింపును బ్యాంకుకు చేరవేసే గేట్‌వేతో సంబంధం తెగింది, గడువు దాటిపోయింది: ఇవి మనం చూసుకోవాల్సినవి. సర్వర్ తన జవాబుతో పాటు ఫలితాన్ని తెలుపుతూ పంపే హెచ్‌టీటీపీ కోడ్‌లలో 400 వరుసవి సాధారణంగా మొదటి రకం, 500 వరుసవి రెండో రకం. అలాగని కోడ్‌ను గుడ్డిగా నమ్మకూడదు.

[తెరపై: సర్వర్ జవాబు. పై వరుసలో 200. కింద ‘స్థితి: విఫలం’ ఎర్రగా వెలుగుతుంది.]

పైన 200, అంటే అంతా సవ్యం. లోపల చూస్తే ‘విఫలం’. కోడ్‌లను మాత్రమే లెక్కపెట్టే అలారానికి ఇదీ విజయమే. అందుకే ప్రతి లావాదేవీ అసలు ఫలితాన్ని, కారణాన్ని మీ ప్రోగ్రామే కౌంటర్‌లో, అంటే ప్రతిసారీ ఒకటి పెరిగే లెక్కలో, నమోదు చేయాలి. మొదటి రకాన్ని గాలికి వదిలేయమని కాదు. తిరస్కరణలు ఉన్నట్టుండి పెరిగాయంటే మనం పంపే వివరాల్లోనే తేడా వచ్చి ఉండవచ్చు, ఎవరో దొంగిలించిన కార్డులను పరీక్షిస్తూ ఉండవచ్చు. వాటికి వేరే గ్రాఫ్, వేరే హద్దు పెట్టండి.

[తెరపై: గడియారంలో తెల్లవారుజాము 3 గంటలు. 4 లావాదేవీలు, 1 వైఫల్యం, 25 శాతం.]

ఇక హారం. ఈ వేళ ఐదు నిమిషాల్లో వచ్చినవే నాలుగు, అందులో ఒకటి పోయింది. అలారం హద్దు 5 శాతం అని పెట్టుకున్నామనుకోండి, ఫోను మోగుతుంది. అదే వ్యవధిలో 40,000 లావాదేవీలు వచ్చే రద్దీ వేళ 4 శాతం పోతే 1,600 చెల్లింపులు ఆగినట్టు. ఫోను మోగదు! శాతంతో పాటు ‘ఈ వ్యవధిలో కనీసం ఇన్ని లావాదేవీలు ఉండాలి’ అన్న షరతు కూడా కలపండి. అప్పుడు తెల్లవారుజామున నిద్ర దక్కుతుంది. రద్దీ వేళ సంగతి కాసేపట్లో చూద్దాం.

హారం సున్నా అయితే మరీ విచిత్రం. చెల్లింపు బటన్ చెడిపోయి ఒక్క అభ్యర్థన కూడా సర్వర్‌కు చేరలేదనుకోండి. సున్నాను సున్నాతో భాగిస్తే ప్రొమీథియస్ ‘ఇది సంఖ్య కాదు’ అనే ప్రత్యేక విలువ ఇస్తుంది. అది హద్దు కన్నా ఎక్కువా అని అడిగితే కాదనే జవాబు వస్తుంది. అమ్మకాలు పూర్తిగా నిలిచిపోయినా అలారం కిమ్మనదు. దీనికి విరుగుడుగా మరో అలారం కావాలి: ఇప్పటి లావాదేవీల సంఖ్యను గత వారం ఇదే రోజు ఇదే గంటతో పోల్చి, సగానికి పడిపోతే చెప్పేది. సెలవు రోజుల్లో ఇది అనవసరంగా మోగుతుంది, నిజమే. అయినా ఒక్క అలారమే పెట్టుకునే వీలుంటే నేను దీన్నే పెట్టుకోమంటాను.

మొత్తం మీద తీసిన శాతం కూడా మసిపూసి మారేడుకాయ చేస్తుంది. 3 శాతం లావాదేవీలను మోసే గేట్‌వే నిలువునా కూలినా మొత్తంలో కనిపించేది 3 శాతమే. గేట్‌వే వారీగా, చెల్లింపు పద్ధతి వారీగా విడదీయండి. వినియోగదారుడి ఐడీని మాత్రం లేబుల్‌గా, అంటే లెక్కను విడదీసే గుర్తుగా, పెట్టకండి. ప్రతి ఐడీకీ ఒక కొత్త అంకెల శ్రేణి పుట్టి మెమరీ నిండిపోతుంది.

[తెరపై: 30 రోజుల పట్టీ. ఎడమ నుంచి రంగు కరిగిపోతుంటుంది.]

మరి హద్దు ఎంత? 5 శాతం అని నోటికొచ్చిన అంకె వేయడం కన్నా మేలైన దారి ఉంది. 30 రోజుల్లో 99.9 శాతం లావాదేవీలు సఫలం కావాలన్నది లక్ష్యం అనుకుందాం. అంటే 0.1 శాతం వైఫల్యాలకు అనుమతి ఉంది, అదే మన కోటా. దాన్ని ఎంత వేగంగా ఖర్చు చేస్తున్నామో చూడాలి. గంటసేపు 1.44 శాతం విఫలమైతే, అనుమతికి 14.4 రెట్లు. ఆ ఒక్క గంటలోనే నెల కోటాలో 2 శాతం హరించుకుపోతుంది. అలాగే సాగితే 50 గంటల్లో కోటా మొత్తం ఖాళీ. ఇది ఫోను మోగాల్సిన సందర్భం. ఇందాకటి 4 శాతం ఇక్కడ తప్పించుకోలేదు. మూడు రోజులుగా 0.1 శాతం దగ్గరే నిలకడగా ఉంటే నిద్ర చెడగొట్టనక్కర్లేదు, పనివేళల్లో చూడటానికి ఒక టికెట్ (పనుల జాబితాలో నమోదు) చాలు. గంట లెక్కకు తోడు చివరి ఐదు నిమిషాల లెక్క కూడా హద్దు దాటి ఉండాలని షరతు పెడితే, సమస్య తీరిన కాసేపటికే అలారం ఆగుతుంది.

డేటాబేస్ ఒక్కటి పడితే దాని మీద ఆధారపడిన సేవలన్నీ కలిసి గోల పెడతాయి. ‘నాన్నా పులి’ కథ మొదలయ్యేది ఇలాంటి రాత్రే. అలర్ట్‌మేనేజర్‌లో ఒకే మూలం నుంచి వచ్చే హెచ్చరికలను ఒక గుంపుగా చేయవచ్చు, పెద్దది మోగుతున్నప్పుడు దాని కిందివాటిని అణచిపెట్టవచ్చు. సందేశంలో ఏ గేట్‌వే, ఎంత శాతం, ఎప్పటి నుంచి, ముందు ఏం చూడాలి అన్నవి ఉండాలి.

[తెరపై: ఆగకుండా మెరుస్తున్న ఆకుపచ్చ చుక్క.]

ఇంతకీ అలారం వ్యవస్థే ఆగిపోతే? ఎల్లప్పుడూ మోగుతూ ఉండే ఒక నియమం రాసి, ఆ సంకేతాన్ని బయటి సేవకు పంపుతూ ఉండండి. సంకేతం ఆగిన వెంటనే ఆ సేవ మీకు ఫోను చేస్తుంది. అది మీ సర్వర్ల మీద నడిచేది మాత్రం కాకూడదు. లేకుంటే రెండూ ఒకేసారి పడిపోతాయి.